మట్టిపలకలు, తాటాకులు: శాసనములనుండి సమాజమును తెలిసికొనుట

హనుమాన్ జంక్షన్ నాలుగు దారుల కూడలి. పడమట విజయవాడ, తూర్పున ఏలూరు, ఉత్తరమున నూజివీడు, దక్షిణమున గుడివాడ. ఈ కూడలిలో నిలిచిన చరిత్ర విద్యార్థికి ఏ దారి పట్టినను ప్రాచీన స్థల మొకటి ఎదురగును. గుడివాడలో బౌద్ధ స్తూప శిథిలములు కలవు. ఏలూరి చెంతనున్న పెదవేగి శాలంకాయనుల వేంగీపురము. ఏలూరికి ఉత్తరమున కామవరపుకోట సమీపమున గుంటుపల్లి గుహలు కలవు. ఇంత చరిత్ర గల సీమలో, రెండువేల యేండ్ల క్రిందట కూలివానికి నెలకు ఎంత ధాన్యము కొలిచెడివారని యడిగినచో మనము సమాధానము చెప్పలేము. అంతకు మరి రెండువేల యేండ్ల ముందటి సుమేరు దేశమును గూర్చి యడిగినచో పండితులు తడుముకొనక చెప్పుదురు: ఊర్ పట్టణపు మూడవ రాజవంశ కాలమున పురుషునకు సాధారణముగా నెలకు 60 సిలల యవలు, స్త్రీకి 30 సిలలు. సిల యనగా రమారమి ఒక లీటరు కొలత. ఈ భేద మెందుకు కలిగినది? మన పూర్వులు లెక్కలు వ్రాయనివారా? ఈ విషయమును విచారించుటయే ఈ వ్యాసమున మా యుద్దేశము.

క్యూనిఫారం లిపిని తెలుగున శరాకార లిపి యందురు. తడిమట్టి పలకపై రెల్లుకలపు మొన నదిమినచో ఏర్పడు గుర్తులు బాణపు ములుకులవలె నుండుటచే ఆ పేరు కలిగినది. ఉరుక్ పట్టణమున దొరకిన మొదటి పలకలు క్రీ.పూ. 3300 ప్రాంతమునకు చెందినవి. వానిలో కావ్యములు లేవు, రాజప్రశస్తులు లేవు. ధాన్యము, పశువులు, యవసుర మున్నగువాని లెక్కలును, పదముల పట్టికలును మాత్రమే కలవు. అనగా అక్కడ లిపి కరణపు పనికొరకు పుట్టినది. కవి దానిని పిమ్మట అందుకొనెను. సుమేరు భాషతో చుట్టరికము లేని అక్కదీయ భాషను మాటాడు బాబిలోనీయులు, అసీరియనులు ఆ లిపినే తమదిగా చేసికొనిరి. ప్రాకృతమును వ్రాసిన బ్రాహ్మీ లిపి సంతతియే తెలుగునకును అక్కరకు వచ్చిన తీరును ఎరిగిన మనకు ఇది వింతగా తోపదు.

మరచిపోయిన ఈ లిపిని చదువుటకు త్రోవ చూపినది ఇరాన్‌లోని బేహిస్తూన్ కొండమీది డేరియస్ శాసనము. అందు ఒకే విషయము పాత పారశీకము, ఈలమీయము, అక్కదీయము అను మూడు భాషలలో చెక్కబడినది. హెన్రీ రాలిన్సన్ 1835లో దానికి ప్రతి వ్రాయుట ఆరంభించెను. అయినను చదివినది నిజమైన చదువేనా, ఊహయా అను సందేహము చాలమందిని వీడలేదు. 1857లో లండన్‌లోని రాయల్ ఏషియాటిక్ సొసైటీ, మొదటి టిగ్లత్ పిలేసర్ అను అసీరియా రాజు శాసనమునకు రాలిన్సన్, హింక్స్, టాల్బట్, ఓపెర్ట్ అను నలుగురు పండితులు వేరువేరుగా చేసిన అనువాదములను పోల్చి చూపించెను. అవి ముఖ్యాంశములలో సరిపోయినవి. నాటినుండి అసీరియా విద్యకు శాస్త్రగౌరవము కలిగినది.

ఇక్కడ పరిశోధకుడు గమనింపవలసిన విషయ మొకటి కలదు. అసీరియా రాజుల శాసనములనే చదివినచో ఆ జాతికి యుద్ధము తప్ప వేరొక పని లేదని తోచును. అన్నియు ముట్టడులు, కప్పములు, బందీల వరుసలు. కాని నేటి తుర్కీలోని కుల్తెపె వద్ద, పూర్వపు కానేష్ పట్టణమున, ఇరువదివేలకు పైగా పలకలు దొరకినవి. అవి క్రీ.పూ. 19వ శతాబ్ది ప్రాంతమున అక్కడ కాపురముండి తగరము, వస్త్రములు అమ్ముకొన్న అసీరియా వర్తకుల జాబులు, పద్దులు. అష్షూరులో నున్న వారి భార్యలు బట్టలు నేయించి గాడిదలపై పంపుచు, సొమ్ము తక్కువ వచ్చినదని భర్తలకు నిష్ఠురముగా వ్రాసిరి. దేశ మొకటే, భాష యొకటే. రాజు వ్రాయించినది చదివిన ఒక సమాజము, ఇల్లాలు వ్రాయించినది చదివిన మరియొక సమాజము కానవచ్చుచున్నది. వ్రాత దేనికొరకు పుట్టినదో ఎరుగక సమాజమును గూర్చి తీర్పు చెప్పరాదను నియమమునకు ఇంతకంటె మంచి నిదర్శనము లేదు.

బాబిలోనియా రాజగు హమ్మురాబి ధర్మశాసనమునందు పొలమును సగపాలునకో మూడవపాలునకో ఇచ్చిన యజమానికిని సేద్యగానికిని పంట పంచుకొను విధము చెప్పబడినది. యజమాని కౌలు పుచ్చుకొన్న పిమ్మట గాలివాన వచ్చి పైరు పోయినచో నష్టము సేద్యగానిదే. ఖర్జూరపు తోటను పరాగము చల్లి పెంచు తోటమాలికి ఫలములో మూడవవంతు, యజమానికి రెండువంతులు. నూజివీటి మామిడితోటలను పూతనాడే కౌలునకు పుచ్చుకొని, వైశాఖపు గాలులకు రాలిన కాయల నేరుకొనువారికి ఈ సూత్రముల న్యాయాన్యాయములను వేరుగ వివరింప నక్కరలేదు.

ఇట్టి జీవితము మన దేశమునందును ఉండెను. దానిని వ్రాసియు నుందురు. భేదమంతయు వ్రాసిన వస్తువులో నున్నది. మట్టిపలక ఎండినచో నిలుచును, కాలినచో గట్టిపడును. క్రీ.పూ. 612లో నినెవే నగరమునకు శత్రువులు పెట్టిన నిప్పు అష్షూర్‌బనిపాల్ గ్రంథాలయపు పలకలలో పెక్కింటిని కాల్చి గట్టిపరచినది. తాటాకునకు నిప్పు శత్రువే, తేమ శత్రువే, చెదయు శత్రువే. ఎత్తి వ్రాయువాడు లేని తాటాకు మన తీరపు వాతావరణమున కొన్ని తరములకు మించి నిలువదు. కావున మన పూర్వులు శాశ్వతముగా నుండవలెననుకొన్న దానమును రాతిపైనను రాగిపైనను వ్రాయించిరి. ఏటికేడు మారు లెక్కను నశించు వస్తువునకు అప్పగించిరి. దానము మిగిలినది, లెక్క పోయినది.

దీనికి గుంటుపల్లి శాసన మొకటి సాక్ష్యము. అక్కడి మండప స్తంభములపై ప్రాకృత భాషలో బ్రాహ్మీ లిపితో, కళింగ మహిషకాధిపతియు మహామేఘవాహనుడును అగు సిరి సదుని లేఖకుడైన చులగోముడు ఈ మండపమును దానము చేసెనని కలదు. 1968లో దీనిని ప్రకటించిన ఆర్. సుబ్రహ్మణ్యం గారు ఇది ఖారవేలునిదని భావించిరి. తరువాత డి. సి. సర్కార్ గారు రాజు పేరును సదుడని చదివిరి. కొలది యక్షరముల పాఠభేదముచే తీరాంధ్ర చరిత్రమున ఒక రాజు తొలగి మరియొక రాజు నిలిచెను. పాఠమును పరిష్కరింపక సిద్ధాంతమును కట్టరాదని ఇందువలన తెలియవలెను.

కాని మమ్ము ఎక్కువగా ఆకర్షించునది రాజు పేరు కాదు, చులగోముని వృత్తి. ఆయన లేఖకుడు, వ్రాతయే జీవనముగా గలవాడు. రాజాజ్ఞలు, జాబులు, పద్దులు ఆయన చేతిమీదుగా ఎన్ని నడచినవో! వానిలో ఒక్క పంక్తియైనను మనకు దక్కలేదు. దక్కినది ఆయన దానమొక్కటే. సుమేరు లేఖకునకు ఇది తారుమారు: అతడు కొలిచిన యవల లెక్క మిగిలినది.

అయినను దానశాసనములలో లెక్కల ఛాయ బొత్తిగా లేకపోలేదు. శాలంకాయన విజయదేవవర్మ ఏలూరు ప్రాకృత తామ్రశాసనమును వేంగీపురమునుండి ఏలూరి గ్రామజనుల కుద్దేశించి యిచ్చెను. గణశర్మయను బ్రాహ్మణునకు 20 నివర్తనముల భూమియు, ఇంటి స్థలమును ఇచ్చుటయే అందలి విషయము. ఆ భూమితోపాటు 'అద్ధియ మనుష్యుల'కు కూడ ఇంటి స్థలము చెప్పబడినది. అద్ధియులనగా సగపాలునకు సేద్యము చేయువారని పండితుల యర్థము. ఈ మాటయే పల్లవ శివస్కందవర్మ హిరహడగల్లి శాసనమునందు 'అద్ధిక' రూపమున కానవచ్చును. దానమును మాత్రమే చూచువానికి ఇందు ఒక రాజు, ఒక బ్రాహ్మణుడు కనబడుదురు. లెక్క వెదకువానికి పొలము దున్ని సగము గింజలు ఇంటికి తెచ్చుకొన్న పేరులేని కాపు కనబడును. హమ్మురాబి శాసనమున న్యాయసూత్రముగా నిలిచినవాడే ఇక్కడ ఒక్క మాటలో తలచూపినాడు.

కావున దానశాసనమును చదువు విద్యార్థి మూడు ప్రశ్నలు వేసికొనవలెను. ఇందు దాత, ప్రతిగ్రహీతలు కాక ఎవరెవరు ప్రస్తావింపబడిరి? కొలతలు, పాళ్లు, పన్నులు, మినహాయింపులు ఏవి? ఈ దానము అమలు జరుగుటకు అవసరమై, శాసనమున వ్రాయక లెక్కకు విడిచిన సంగతులేవి? మూడవ ప్రశ్నకు తరచు ఉత్తరము దొరకదు. కాని దానిని వేసినవాడు ప్రాచీనాంధ్రులు దానము తప్ప అన్యమెరుగరను పొరపాటునకు లోనుకాడు.

పోయిన లెక్క పోయినది. ఇటీవలి శతాబ్దుల లెక్కల గతి యేమి? గ్రామకరణముల కవిలెలే మన మట్టిపలకలు. కల్నల్ మెకంజీ 1821లో మరణించులోపల, ఏలూరి వారైన కావలి సోదరులు మొదలగువారి సాయమున గ్రామగ్రామము నుండి కవిలెలను ఆధారముగా గొని కైఫియతులను సేకరింపజేసెను. ఈనాడు మూలమగు కవిలె యనేకచోట్ల లేదు; కైఫియతే ఆధారము. ఆంధ్రప్రదేశమున 1984లో కరణపు పదవులు రద్దయిన పిమ్మట, ఇండ్లలో మిగిలిన పాత కట్టలకు వంశపారంపర్యముగా కాపాడవలసిన పనియు తీరిపోయినది. వానికి నూనె పూయువారు లేరు, విప్పి చూచువారు లేరు.

పరిశోధక విద్యార్థులు తమ తమ గ్రామములలో ముందుగా చేయదగిన పని యిదియే. కావ్యము దొరకలేదని తాటాకు కట్టను ప్రక్కకు నెట్టరాదు. అందు పుట్లు, తూములు, కుంచములు, బాకీలు మాత్రమే యున్నను ఛాయాచిత్రము తీసి, గ్రామము, కుటుంబము, దొరకిన తీరు గుర్తించి, భద్రపరచవలెను. సుమేరు లేఖకుడు తన పలక ఐదువేల యేండ్లు నిలుచునని తలంచి వ్రాయలేదు. ఆనాటి యవలు సరిగా కొలుచుటకే వ్రాసెను. మన కరణమును అట్లే వ్రాసెను. అతని పలకను మట్టి కాపాడినది. ఇతని యాకును మనము కాపాడవలెను.