ఆటల ఛాయాచిత్రములకు ఒంటికాలి ఊత

సంక్రాంతి వచ్చినదనిన మన పల్లెలలో కబడ్డీ, వాలీబాలు పందెములు సాగుచుండును. ఇటీవల ప్రతి పందెము చెంతను కెమెరా చేతబట్టిన పడుచువాడొకడైనను కానవచ్చుచున్నాడు. వాడు ఇంటికి వచ్చి, “తాతా, దీనికొక స్టాండు కొనిపెట్టుము” అనును. సొమ్మిచ్చువారు పెద్దలు గాన, ఏ స్టాండు, ఎందులకు అను సంగతి పెద్దలకును కొంత తెలిసియుండుట మేలు.

దుకాణదారుడు మొదట చూపునది మూడుకాళ్ల ట్రైపాడ్. పెండ్లిపందిటిలో నిలిచియున్న బంధువులను తీయుటకు, రాత్రివేళ గుడిగోపురమును తీయుటకు దానికి సాటి లేదు. ఆటకు మాత్రమది తగదు. వాలీబాలులో బంతి గీత దాటి పోయినను, నేల తాకకమునుపు దానిని అందుకొనవచ్చును. కనుక ఆటగాడు బంతినే చూచుచు, ముందేమున్నదో కానక పరుగెత్తును. ఒక పండుగనాడు నేను గీతకు చేరువగా చాచియుంచిన ట్రైపాడ్ కాలు తగిలి ఒక కుర్రవాడు బోర్లపడెను. మోకాలు చిట్లి, ఆ దినము మరల వాడాడలేదు. నాటినుండి ఆటస్థలమునకు నేను మూడుకాళ్ల దానిని తీసికొనిపోలేదు.

అసలు ఊత చేయు పని యేమి? బొమ్మ అలుకుకొనిపోవుటకు కారణములు రెండు. ఒకటి మన చేతి వణకు, రెండవది ఆటగాని కదలిక. ఆటగాని కదలికను ఎంత వెలగల స్టాండైనను ఆపజాలదు. దానికి షట్టరు వేగమొక్కటే మందు. సెకనులో 500వ వంతు చాలవరకు పనికివచ్చును; వడిగల ఆటకు 1000వ వంతు వలయును. అంత వేగమున చేతి వణకు సయితము బొమ్మలో అంతగా తెలియదు. మరి ఊత యెందులకన్న, బరువు మోయుటకు. దూరమునుండి తీయు పెద్ద లెన్సు కెమెరాతో గూడి రెండు కిలోలు దాటవచ్చును. ఉదయమునుండి దానినెత్తి పట్టుకొన్న చేయి, సాయంకాలమున గెలుపోటములు తేల్చు తుది కూత వచ్చునప్పటికి క్రిందికి వాలిపోవును. ఆ కూత మరల రాదు.

ఇందులకు తగినది మోనోపాడ్ అను ఒంటికాలి కర్ర. మన కాళ్లు రెండు, కర్ర యొకటి, వెరసి మూడు. కర్ర మొనను కొంచెము ముందునకు ఆనించి, కాళ్లు ఎడముగా నుంచి, కెమెరాను మెల్లగా క్రిందికి అదిమి పట్టవలయును. ఆట ఎటు మరలిన మనమును అటే మరలవచ్చును; ఎవరైన మీదికి వచ్చినచో కర్రతోసహా తప్పుకొనవచ్చును.

కొనునపుడు కర్రను పూర్తిగా సాచి బిగించి, పైనుండి రెండు చేతులతో బలముగా నొక్కి చూడుడు. జారినచో దానిని అక్కడనే విడిచి రండు. మిగిలిన గుణములెన్ని యున్నను వ్యర్థము. కంటి యెత్తు అందవలయును. ముడుపులు తక్కువయైన కొలది గట్టిది, ఏలయన అడుగు ముడుపు రెల్లుపుడకవలె సన్నగిల్లును. కార్బన్ కర్ర తేలిక, కాని వెల యెక్కువ. మనకు అల్యూమినియము చాలును. గుండ్రముగ తిరుగు తలకాయ నొకదానిని దుకాణదారుడు అంటగట్టజూచును. అదియు అక్కరలేదు. పెద్ద లెన్సునకు పట్టీయు, దానికొక పాదమును ఉండును. కర్ర మరను ఆ పాదమునకే బిగింపవలెను. కెమెరా అడుగుకు బిగించినచో లెన్సు బరువంతయు ఆ కూడలిపై పడును.

అంత సొమ్మును లేనిచో గట్టి వెదురుకర్ర చాలును. కెమెరా అడుగు మర సామాన్యముగా పావు అంగుళము, అంగుళమునకు 20 చుట్లు. ఆ కొలత బోల్టును కర్ర కొనయందు కదలకుండ అమర్పింపవచ్చును. బోల్టు పైకి 4, 5 మిల్లీమీటర్లకు మించి తేలరాదు. మించినచో కెమెరా అడుగును చెఱచును. చిన్న లెన్సుగల కెమెరాకే ఈ యేర్పాటు.

గోడమీదనో బల్లమీదనో ఆనించి తీయువానికి, గుడ్డసంచిలో ముప్పాతిక వంతు జొన్నలు పోసి కుట్టిన దిండు కర్రకంటెను మేలు. లెన్సు దానిలో ఒదిగి కూర్చుండును. మంచుకు తడిసినపుడు మాత్రము గింజలు మార్చవలయును, లేనిచో మొలకెత్తును.