నలుపు తెలుపు ఫొటోకి ఎలాంటి ప్రింటర్ కావాలి?

మామూలు కలర్ ప్రింటర్‌లో నలుపు తెలుపు ఫొటో తీస్తే రంగు ఛాయ ఎందుకు వస్తుంది?

ఆ ప్రింటర్‌లో సాధారణంగా నాలుగే సిరాలుంటాయి: సయాన్, మెజెంటా, పసుపు, నలుపు. బూడిద రంగు సిరా ఉండదు. అందుకే లేత నీడల కోసం మొదటి మూడింటినీ కలుపుతుంది. ఆ పాళ్లలో ఏది కాస్త ఎక్కువైనా కన్ను పట్టేస్తుంది. కలర్ ఫొటోలో చీర ఎరుపు కొంచెం మారినా ఎవరూ గమనించరు. బూడిద రంగుకి ఆ వెసులుబాటు లేదు. పైగా ట్యూబ్‌లైటు కింద చక్కగా ఉన్న ప్రింటు ఎండ వెలుగులోకి రాగానే ఆకుపచ్చగానో గులాబీగానో మారవచ్చు. దీన్నే మెటామెరిజం అంటారు.

అయితే నల్ల సిరా ఒక్కటే వాడితే సరిపోదా?

రంగు ఛాయ పోతుంది, కానీ నునుపూ పోతుంది. లేత భాగాల్లో నల్లచుక్కలు దూరదూరంగా పడి, చెంపల మీద ఇసుక చల్లినట్టు కనిపిస్తుంది.

మరి మార్గం?

బూడిద సిరాలున్న ప్రింటర్. ఎప్సన్ 2005లో ఆర్2400 మోడల్‌తో నలుపు, లేత నలుపు, మరీ లేత నలుపు అనే మూడు అంచెలు తెచ్చింది. చుక్క చుక్కకీ మధ్య తేడా తగ్గి నీడలు నునుపుగా కలిశాయి. రంగు సిరాల వాడకం బాగా తగ్గింది కాబట్టి ఛాయ సమస్యా తగ్గింది. 2020లో వచ్చిన పి700 (13 అంగుళాలు), పి900 (17 అంగుళాలు) అదే దారిలోవి. క్యానన్ ప్రో-1000లో రెండు బూడిద సిరాలు, ప్రో-300లో ఒకటి ఉన్నాయి. కొనేటప్పుడు మొత్తం ఎన్ని సిరాలని కాదు, బూడిద సిరాలు ఎన్నని అడగండి. డ్రైవర్‌లో నలుపు తెలుపు ఫొటోకి ప్రత్యేక మోడ్ ఉందో లేదో కూడా చూడండి.

డై సిరానా, పిగ్మెంట్ సిరానా?

డై సిరాలో రంగు ద్రవంలో పూర్తిగా కరిగి ఉంటుంది. గ్లాసీ కాగితం మీద మెరుపు బాగుంటుంది, కానీ వెలుగుకి త్వరగా వెలుస్తుంది. పిగ్మెంట్ సిరాలో రంగు సన్నని రేణువులుగా ఉంటుంది. నల్ల పిగ్మెంట్‌లో ప్రధానంగా ఉండేది కార్బన్, అది ఎక్కువకాలం నిలుస్తుంది. ఫ్రేమ్ కట్టి గోడకి తగిలించే ప్రింటుకి పిగ్మెంటే మేలు. ఆల్బమ్‌కి, అభ్యాసానికి అయితే సీసాలతో సిరా నింపుకునే ఎప్సన్ ఎల్8180 లాంటిది తక్కువ ఖర్చులో అవుతుంది. అందులోనూ ఒక బూడిద సిరా ఉంది.

రెండు రకాల నలుపులు ఎందుకు?

గ్లాసీ, బరైటా కాగితాలకి ఫొటో బ్లాక్. గరుకైన కాటన్ కాగితాలకి మాట్ బ్లాక్. మాట్ కాగితం మీద ఫొటో బ్లాక్ వాడితే చిక్కని నలుపు రాదు, జుట్టు బూడిదగా కనిపిస్తుంది. గ్లాసీ మీద మాట్ బ్లాక్ సరిగ్గా అంటక చెరిగిపోతుంది. పాత మోడళ్లలో ఒకదాని బదులు ఇంకొకటి మార్చినప్పుడల్లా పని పెరిగేది, చాలావాటిలో సిరా కూడా వృథా అయ్యేది. పైన చెప్పిన పి700, పి900, ప్రో-300, ప్రో-1000 నాలుగింటిలోనూ రెండు నలుపులూ ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి.

ఖర్చు, నిర్వహణ ఎలా?

ప్రింటర్ ధర ఒక్కటే చూడకండి. పి700 కార్ట్రిడ్జ్‌లో పట్టేది 25 మిల్లీలీటర్లు, పి900లో 50, ప్రో-1000లో 80. మిల్లీలీటరుకి ఎంత పడుతుందో లెక్కవేసుకోండి. మన వేసవి వేడికి, పొడిగాలికి వాడని ప్రింటర్ నాజిళ్లలో సిరా గట్టిపడుతుంది. వారానికి ఒక ప్రింటైనా తీయాలి. ఆపేటప్పుడు ముందు ప్రింటర్ బటన్ నొక్కాలి. అప్పుడే హెడ్ తన మూత కిందికి చేరుతుంది. ఆ తర్వాతే గోడ స్విచ్ కట్టేయాలి.

నెలకి ఒకటీ రెండూ ప్రింట్లు తీసేవారు ప్రింటర్ కొనక్కర్లేదు. బూడిద, పిగ్మెంట్ సిరాలు వాడే ల్యాబ్‌కి ఇవ్వడమే మంచిది. తరచూ తీసేవారు మాత్రం నల్లని జుట్టు, ముఖం, తెల్లటి పంచె మూడూ ఉన్న మీ సొంత ఫొటోని ఆ మోడల్‌లో ప్రింటు తీయించి, ఎండలోనూ బల్బు కిందా చూసిన తర్వాతే డబ్బు కట్టండి.