తాతలిచ్చిన కన్ను, కంచములోని కూర

బాన్సువాడ ప్రాంతమున నిజాంసాగరు కాలువగట్లపై సాయంకాలము ముచ్చటలాడుకొను వృద్ధులలో, మోతిబిందుకు ఆపరేషను చేయించుకొని అద్దములు మార్చుకొన్నను, ఎదుట నిలిచినవాని గొంతు విన్నపిదపనే గాని వాడెవడో పోల్చుకొనజాలనివారు ఒక్కొక్కప్పుడు కానవచ్చుచుందురు. ప్రక్కన పోవు బండి తెలియును, కాలి క్రింది బాట తెలియును. సూటిగా చూచిన మొగము మాత్రము నడుమ చెరిగిపోవును. నిటారుగా నున్న కరెంటు స్తంభము నడుము వంగినట్లు తోచును. ముసలి చూపు గదా యని ఇంటివారు సరిపెట్టుకొందురు. కాని యిది చత్వారమును గాదు, శుక్లమును గాదు. కంటి వెనుక నున్న నేత్రపటలము నడిబొడ్డున, పెసరగింజ పాటి పచ్చచుక్క వార్ధక్యమున క్రమక్రమముగ శిథిలమగుటచే గలుగు వ్యాధి. అక్షరము, సూదిబెజ్జము, మనుమని మొగము, ఇట్లు సూటిగా చూడవలసిన ప్రతిదానికిని ఆ చుక్కయే ఆధారము.

1996 మొదలు 2000 వరకు హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థవారు నగరమునందును, పశ్చిమ గోదావరి, ఆదిలాబాదు, మహబూబ్‌నగర్ జిల్లాల పల్లెలయందును 10,293 మంది కన్నులను పరీక్షించిరి. నలువది యేండ్లు దాటినవారిలో నూటికి సుమారిద్దరికి ఈ వ్యాధి కానవచ్చినది. అరువది దాటినవారిలోను, చుట్టలు విస్తారముగ కాల్చువారిలోను అది మరింత హెచ్చుగ నుండెను. వయస్సు నాపుట యెవరి తరమును గాదు. చుట్ట నార్పుట మన చేతిలోనిది.

ఈ రెంటి నడుమ వంశమను మూడవది కలదు. మన రక్తమున సూక్ష్మక్రిములపై విరుచుకుపడు ప్రోటీన్ల దండొకటి యుండగా, ఆ దండు స్వదేహమునే గాయపరుపకుండ కళ్లెము పట్టి నిలుపునది కాంప్లిమెంట్ ఫ్యాక్టర్ హెచ్ అను మరియొక ప్రోటీను. దానిని నిర్మించు జన్యువున ఒక్క అక్షరము మారుటచే, ఆ ప్రోటీనులో 402వ స్థానమున టైరోసిన్ ఉండవలసినచోట హిస్టిడిన్ చేరినయెడల కళ్లెము సడలి, పచ్చచుక్క వద్ద మంట రగులుట సులభమగునని శాస్త్రజ్ఞులు తలచుచున్నారు. ఈ మార్పు తల్లినుండియు తండ్రినుండియు సంక్రమించినవారికి వ్యాధి ప్రమాదము ఏడింతలకు పైగా నుండునని 2005లో అమెరికాలో వెలువడిన యొక పరిశోధన తెలిపినది. మరుసటి యేట హైదరాబాదు పరిశోధకులు మన దేశపు రోగులలోను ఈ సంబంధమునే కనుగొనిరి.

అట్లని జన్యువు నొసటి వ్రాత గాదు. 1923లో ఆరంభమై 1931లో పూర్తియైన నిజాంసాగరు ఈ సీమలోని నేలను మార్చలేదు, నీటిని మార్చినది. నాడు మెట్టపైరు పండిన మడియే నేడు వరి పండించుచున్నది. దేహమను నేలకు ఆహారమట్టిది. పచ్చచుక్క పచ్చదనమునకు కారణములైన ల్యూటిన్, జియాజాంతిన్ అను వర్ణద్రవ్యములను మానవశరీరము స్వయముగ తయారుచేసికొనజాలదు. అవి కంచమునుండియే రావలెను. తోటకూర, పాలకూర, మునగాకు, పోయిన కంటిని దెచ్చునన్న ప్రతీతితో పేరొందిన పొన్నగంటికూర వీనికి నిలయములు. జియాజాంతిన్ అను పేరే మక్కజొన్న శాస్త్రీయ నామమునుండి పుట్టినది. బతుకమ్మలో పేర్చు బంతిపూల రేకులనుండియే మాత్రలకు వలయు ల్యూటిన్‌ను తీయుదురు. ఈ ద్రవ్యములు నూనెలో గాని కరుగవు గనుక, కాగిన మంచినూనెలో ఎల్లిగడ్డ చిటపటలాడగా ఆకుకూరను వేసి మగ్గనిచ్చు మన ఇల్లాండ్ర పద్ధతి రుచికే గాక కంటికిని మేలు. తెల్లని సన్నబియ్యమున ఇవి దాదాపు శూన్యములు. కాలువ వచ్చి కంచము తెల్లబడినకొలది కూర అంచునకు జరుగరాదు.

హాలండులోని రాటర్‌డామ్ నగరమున వృద్ధులను ఏండ్ల తరబడి గమనించిన పరిశోధకులు, అపాయకరమైన జన్యువు గలవారిలోను, ఇట్టి వర్ణద్రవ్యములు, జింకు, చేపల కొవ్వు ఆహారమున సమృద్ధిగ గొనువారికి తొలిదశ వ్యాధి తక్కువగా వచ్చుటను 2011లో ప్రకటించిరి. మాత్రల సంగతి వేరు. 2001లో వెలువడిన అమెరికా పరీక్షలో విటమిన్లు, జింకు కలిసిన మాత్రలు, వ్యాధి కొంత ముదిరినవారిలో అది తీవ్రదశకు చేరుటను అయిదేండ్లలో నాల్గవవంతు తగ్గించినవే గాని, వ్యాధి లేనివారికి రాకుండ ఆపలేదు. అందలి బీటాకెరోటిన్ పొగత్రాగువారికి ఊపిరితిత్తుల క్యాన్సరు ముప్పును పెంచునని తేలుటచే, 2013 నాటి పరీక్షానంతరము దానికి మారుగ ల్యూటిన్, జియాజాంతిన్‌లను చేర్చిరి. కావున, బీడీ చుట్టుటయే జీవనాధారమైన కుటుంబములెన్నో గల ఈ ప్రాంతమున, బీడీ త్రాగువాడు కంటి మాత్ర యని దుకాణమున దొరికినది కొని మ్రింగరాదు, వైద్యు నడుగవలెను.

తల్లిదండ్రులలో నొకరికి ఈ వ్యాధి యున్నవారు యాభై దాటినపిదప చేయదగిన చిన్న పని యొకటి కలదు. గోడకు వ్రేలాడు క్యాలెండరు ఎదుట, చదువుటకు వాడు అద్దములు పెట్టుకొని, ఒక కంటిని అరచేత మూసి రెండవకంటితో దాని గడులను చూడవలెను. పిదప కన్ను మార్చవలెను. రెండు కన్నులు తెరచియున్నపుడు బాగున్న కన్ను చెడినదాని లోపమును కప్పిపుచ్చును. ఏ కంటికైనను గీతలు వంకర పోయినట్లు గాని, నడుమ నొక తేదీ మాసినట్లు గాని కనబడినచో, ఆ వారముననే నేత్రవైద్యుని వద్దకు పోవలెను. రక్తనాళములు చెమ్మగిల్లు రకమునకు కంటిలో నిచ్చు ఇంజెక్షన్లు కలవు, వానికి ఆలస్యమే శత్రువు. తాతకు చెరిగిపోయిన మనుమని మొగమును ఏ కూరయు తిరిగి తేలేదు. ఆ మనుమని కంచములో నేడు వడ్డించు కూర మాత్రము, వాడు తాతయై తన మనుమని మొగము చూచుకొను నాటికి అక్కరకు వచ్చును.