ముందుగా వచ్చిన క్రిస్మస్

పండుగ తిథిని బట్టి వచ్చునే గాని మన వీలును బట్టి రాదు. 2020 డిసెంబరులో ఇటలీ దేశీయులు ఆ నియమమును కొంత సడలింపవలసి వచ్చినది. కోవిడ్ కారణమున అచ్చట రాత్రి 10 గంటల నుండి ఉదయము 5 వరకు అగత్యము లేనిదే వీధిలో తిరుగరాదు. నడిరేయి దివ్యపూజ ముగిసిన పిమ్మట ఇల్లు చేరుట యెట్లు? అందుచే చర్చీలలో క్రిస్మస్ ముందురాత్రి పూజ పెందలకడనే సాగినది. రోము నడుమ నున్న వాటికన్‌లో పోపు ఫ్రాన్సిస్ రాత్రి 9.30కు జరుపు పూజను 7.30కే జరిపిరి. క్రీస్తు రెండు గంటలు ముందు పుట్టునా యని వాదులాడిన వారును కలరు. కాని చర్చి లెక్కలో పండుగ ముందునాటి సాయంకాలముననే ఆరంభమగును.

చిక్కంతయు విందు వద్దనే. ఆ రాత్రి చేపల వంటకములకు మూడు తరములు కూడుట అచ్చటి ఆచారము. ఆ యేడు పండుగ దినములలో ఇంటికి రాదగిన అతిథులు ఇద్దరే. 14 ఏండ్ల లోపు పిల్లలు లెక్కకు రారు. మూసిన గదిలో ఊపిరి వెంట వ్యాధి వ్యాపించును. లక్షణములు పొడసూపకమునుపే ఇతరులకు అంటును. వేళ మార్చినంతనే అది తప్పదు. డిసెంబరు 21 నుండి ప్రాంతము దాటరాదనగా, ఉత్తరమున మిలానులో కొలువున్న దక్షిణాదివారు పలువురు ముందుగానే రైళ్లెక్కి తల్లిదండ్రుల యిండ్లకు పోయిరి. వారితో పాటు ఆ రైళ్లలో వ్యాధియు ప్రయాణము చేయునన్నదే వైద్యుల భయము.