వేగాన్ని మింగే పళ్ళెం

తాడేపల్లిలో కాలవ కట్ట మీదినుంచి పల్లంలోకి సైకిలు మీద దిగుతూ ఎప్పుడైనా బ్రేకు గట్టిగా పట్టారా? ఆగిన వెంటనే, రబ్బర్లు రాసుకున్న చోట రిమ్మును వేలితో తాకి చూడండి, వెచ్చగా ఉంటుంది. ఆ వేడి ఎక్కడినుంచి వచ్చింది? సైకిలు వేగమే అలా మారింది. బ్రేకు చేసే పని అంతా ఇదే: వేగాన్ని వేడిగా మార్చి గాలిలోకి వదలటం.

ఆ ఊరి మీదుగా పోయే చెన్నై-కోల్‌కతా రహదారి మీద నేలబారుగా ఉండే స్పోర్ట్స్ కారు ఒకటి పోతున్నదనుకుందాం. బరువు 1,500 కిలోలు, వేగం గంటకు 100 కిలోమీటర్లు. దాన్ని నిలబెడితే పుట్టే వేడి రెండు లీటర్ల చన్నీళ్ళను మరిగేదాకా కాచగలదు. మరి వేగం 200 అయితే? నాలుగు లీటర్లు అంటారేమో, కాదు, ఎనిమిది! వేగం రెట్టింపు అయితే వేడి నాలుగింతలవుతుంది. అదీ కొద్ది సెకన్లలో.

ఇంత వేడిని భరించేది చక్రం లోపల దానితోపాటే తిరిగే ఒక పోత ఇనుప పళ్ళెం. దాన్ని డిస్కు అంటారు. దానికి రెండు పక్కలా రెండు ప్యాడ్లు ఉంటాయి. డ్రైవరు పెడలు నొక్కితే గొట్టాలలోని బ్రేకు ఆయిలు పిస్టన్లను తోస్తుంది, ప్యాడ్లు డిస్కును పట్టకారులా పట్టుకుంటాయి. మీ సైకిలు రబ్బర్లు చేసేదీ ఇదే!

ఇలాటి బ్రేకుకు ఇంగ్లండులో లాంచెస్టర్ అనే ఇంజనీరు 1902 లోనే పేటెంటు తీసుకున్నాడు. కాని రాగి ప్యాడ్లు కావటంతో అది భరించరానంత కీచుమనేది. చాలాకాలం కార్లకు డ్రమ్ము బ్రేకులే ఉండేవి. డ్రమ్ము మూత పెట్టిన కుండలాటిది, లోపలి వేడి తొందరగా పోదు. 1953లో ఫ్రాన్సులోని లమాన్ పట్టణంలో జరిగిన 24 గంటల పందెంలో జాగ్వార్ కారు డిస్కు బ్రేకులతో దిగింది. మిగతావారు మలుపుకు ఎంతో ముందే వేగం తగ్గించవలసి వస్తే, ఇది మలుపుదాకా దూసుకుపోయేది. పందెం అదే గెలిచింది. బ్రేకు బాగుంటే వేగంగా పోవచ్చునన్నమాట, వింతగా లేదూ?

రాసుకున్నకొద్దీ ప్యాడ్లూ డిస్కూ అరిగిపోతాయి. ఎంత మందం మిగిలితే డిస్కును మార్చాలో దాని మీదే గుర్తు పోసి ఉంటుంది. ఎడమ చక్రానికి మారిస్తే కుడి చక్రానికి కూడా మార్చాలి. లేకపోతే బ్రేకు వేసినప్పుడు కారు ఒక పక్కకు లాగవచ్చు.

ఆటోనగర్‌కు వెళితే ఈ పని చూడవచ్చు. మంచి మెకానిక్కు కారును జాకీతో లేపి వదిలెయ్యడు, కింద స్టాండ్లు పెడతాడు. పాత ప్యాడ్ల పొడిని నోటితో ఊదడు. పూర్వం ప్యాడ్లలో ఆస్‌బెస్టాస్ కలిపేవారు, దాని ధూళి ఊపిరితిత్తులకు విషం. ఏ పొడి అయినా పీల్చటం మంచిది కాదు. కొత్త డిస్కుకు తుప్పు పట్టకుండా నూనె పూసి ఉంటుంది, దాన్ని శుభ్రంగా తుడిచి మరీ బిగిస్తాడు. గ్రీజు చేత్తో ప్యాడును ముట్టుకోడు. మిరపకాయల తొడిమలు తీసిన చేత్తో మీరు కన్ను నలుపుకుంటారా?

కొత్త ప్యాడ్లు మందంగా ఉంటాయి గనక, వాటికి చోటు చెయ్యటానికి పిస్టన్లను లోపలికి నెట్టాలి. అసలు ప్రమాదం ఇక్కడ ఉన్నది. చక్రాలు బిగించాక మొదటిసారి పెడలు నొక్కితే అది ఏ అడ్డూ లేకుండా అడుగుదాకా పోతుంది. ప్యాడ్లు ఇంకా డిస్కును అందుకోలేదు, బ్రేకు లేనట్టే! నేను చూస్తుండగా ఒక షెడ్డులో ఒక కుర్రవాడు ఈ సంగతి మరిచి కారును వెనక్కు తీశాడు. గోడకు ఆనించిన సైకిలు నలిగి అప్పడమయింది. సైకిలు తాలూకు మనిషి అప్పుడే టీ తాగటానికి బయటికి వెళ్ళాడు. ఆ కుర్రవాడి ముఖం ఇప్పటికీ నా కళ్ళకు కడుతుంది.

అందుచేత కారు కదిలించకముందే పెడలును నాలుగైదుసార్లు, గట్టిపడేదాకా, నొక్కాలి. బ్రేకు ఆయిలు మట్టం చూసుకోవాలి. తరువాత జనం లేని రోడ్డు మీద ఒక మోస్తరు వేగంతో పోతూ, మధ్యమధ్య చల్లారనిస్తూ, కొన్నిసార్లు మెల్లగా బ్రేకు పట్టాలి. అప్పుడు ప్యాడు పదార్థం పల్చని పొరగా డిస్కుకు అంటుకుని పట్టు కుదురుతుంది. మొదట్లో కొంచెం కాలిన వాసన వస్తుంది, కంగారు పడనక్కరలేదు.

ఆ కారు తిరిగి వచ్చి ఆగినప్పుడు చక్రం దగ్గర చెయ్యి పెడితే, జానెడు దూరంలోనే సెగ తెలుస్తుంది. సైకిలు రిమ్మును తాకినట్టు దాన్ని మటుకు తాకకండి. బాగా వాడిన డిస్కు మరిగే నీటికన్నా ఎన్నో రెట్లు వేడెక్కుతుంది. రేసు కార్లలో అయితే అది కొలిమిలో ఇనుములా ఎర్రబడటం రాత్రిపూట కంటికి కనిపిస్తుంది.