సర్వైకల్ క్యాన్సర్: తెల్లబట్టే కదా అని వదిలేస్తున్నారా? కృష్ణా డెల్టా మహిళలు తెలుసుకోవాల్సిన విషయాలివే..

మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ పల్లెల్లో ఆడవాళ్లు చాలామంది బయటకు చెప్పుకోని సమస్య ఇది. తెల్లబట్ట దుర్వాసనతో ఎక్కువైనా, ముట్లు ఆగిపోయాక మళ్లీ రక్తం కనిపించినా ‘వేడి చేసిందిలే’ అని సరిపెట్టుకుంటారు. నాట్లు అయ్యాక చూద్దాం, కోతలు అయ్యాక చూద్దాం అంటూ వాయిదా వేస్తారు. ఇవి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు సంకేతాలు కూడా కావొచ్చు. 2022లో దేశంలో సుమారు 1.27 లక్షల మందికి ఈ క్యాన్సర్ కొత్తగా వచ్చిందని, దాదాపు 80 వేల మంది చనిపోయారని గ్లోబోకాన్ అంచనా.

ఎందుకొస్తుంది?

దాదాపు అన్ని కేసులకూ హెచ్‌పీవీ వైరస్సే కారణం. లైంగిక సంబంధంతో సోకుతుంది. చాలామందిలో ఏడాది, రెండేళ్లలో దానంతటదే పోతుంది. కొందరిలో మాత్రం ఉండిపోయి, 15-20 ఏళ్లకు క్యాన్సర్‌గా మారుతుంది. భర్త తప్ప మరొకరు తెలియని ఇల్లాలికీ రావొచ్చు. కాబట్టి సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. చిన్న వయసులో పెళ్లి, ఎక్కువ కాన్పులు, పొగాకు, హెచ్ఐవీ ఉంటే ముప్పు పెరుగుతుంది. రాష్ట్రంలో 20-24 ఏళ్ల మహిళల్లో సుమారు 29 శాతం మందికి 18 నిండకుండానే పెళ్లయిందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది.

పరీక్ష ఎలా చేస్తారు?

వీఐఏ పరీక్షలో ముఖద్వారంపై పలుచటి ఎసిటిక్ యాసిడ్ రాసి, నిమిషం ఆగి చూస్తారు. తెల్లమచ్చ కనిపించినంత మాత్రాన క్యాన్సర్ అని కాదు, మరో పరీక్ష కావాలని అర్థం. క్యాన్సర్‌కు ముందు దశలోనే దొరికితే ఆ భాగాన్ని వేడితోనో, అతిశీతలంతోనో తొలగిస్తారు. చాలాసార్లు అదే రోజు ఇంటికి వెళ్లిపోవచ్చు. ముట్లు ఆగిపోయిన వాళ్లలో వీఐఏ అంత కచ్చితంగా తేల్చలేదు. వాళ్లకు హెచ్‌పీవీ పరీక్ష మేలు.

ప్రభుత్వ లెక్క ప్రకారం 30-65 ఏళ్ల మహిళలు ఐదేళ్లకోసారి చేయించుకోవాలి. కానీ అదే సర్వే ప్రకారం 30-49 ఏళ్ల వారిలో ఒక్కసారైనా చేయించుకున్నది దేశం మొత్తమ్మీద నూటికి ఇద్దరు కూడా లేరు!

ఎక్కడికి వెళ్లాలి?

ముందు ఊళ్లోని ఆశా కార్యకర్తను, ఏఎన్ఎంను అడగండి. పీహెచ్‌సీ తర్వాత గుడివాడ ఏరియా ఆసుపత్రి, మచిలీపట్నం ప్రభుత్వ ఆసుపత్రి ఉన్నాయి. దివిసీమ వాళ్లు పులిగడ్డ వారధి దాటి గుంటూరు జీజీహెచ్ క్యాన్సర్ విభాగానికీ వెళ్లొచ్చు.

ఇంట్లో 9-14 ఏళ్ల ఆడపిల్లలుంటే హెచ్‌పీవీ టీకా గురించి డాక్టర్‌తో మాట్లాడండి. టీకా వేయించుకున్నా పెద్దయ్యాక స్క్రీనింగ్ మానకూడదు. ముట్లు ఆగాక రక్తం కనిపిస్తే మాత్రం ఒక్క వారం కూడా ఆగొద్దు.