కాఫీ ఎందుకు చల్లారుతుందంటే

వేడి కాఫీ బల్లమీద పెట్టి మరిచిపోతే చల్లారిపోతుంది. చల్లారిన కాఫీ మాత్రం ఎంతసేపు చూసినా తనంతట తాను వేడెక్కదు. ఇందులో వింతేముంది తాతయ్యా అంటావని నాకు తెలుసు అమ్మలూ. నూటయాభై ఏళ్లుగా మహామహుల బుర్రలు తిన్న ప్రశ్న ఇది. దీనికి ఈ మధ్య ఇరవై ఏళ్లలో దొరికిన జవాబు నాకెంత నచ్చిందంటే, ఎవరికో ఒకరికి చెప్పందే ఉండలేను. కాబట్టి నువ్వే వినాలి.

వింత ఎక్కడుందో ముందు చూపిస్తా. గాలిలో రెండు అణువులు గుద్దుకుని విడిపోయాయనుకో. ఆ సంఘటనను వీడియో తీసి వెనక్కి నడిపితే, ఏది ముందో ఏది వెనకో ప్రపంచంలో ఎవరూ చెప్పలేరు. న్యూటన్ సూత్రాలు రెండువైపులా ఒకేలా పనిచేస్తాయి. అదే కాఫీలో పాలు కలిసే వీడియోను వెనక్కి నడిపి చూపించు, మూడేళ్ల పిల్లాడు కూడా పకపకా నవ్వుతాడు. గ్లాసుడు నీళ్లలో ఉండే అణువులు సుమారు 3 పక్కన 24 సున్నాలు పెట్టినన్ని. వాటిలో ఏ ఒక్కదానికీ నిన్న, రేపు అనే తేడా తెలియదు. అన్నీ కలిసేసరికి ఆ తేడా ఎక్కడినుంచి ఊడిపడింది?

ఈ ప్రశ్నను గట్టిగా పట్టుకున్నవాడు లుడ్విగ్ బోల్ట్జ్‌మన్. 1844లో వియన్నాలో పుట్టాడు. ఆ రోజుల్లో అణువులనేవి ఉన్నాయని నమ్మని పెద్దలు చాలామంది. అదే వియన్నాలో ఎర్న్‌స్ట్ మాక్ వంటి దిగ్గజం, కంటికి కనపడని వాటిని నమ్మనని భీష్మించుకు కూర్చున్నాడు. బోల్ట్జ్‌మన్ మాత్రం అణువుల మీదే తన బతుకంతా పందెం కాశాడు. అణువులు గుద్దుకుంటూ పోతే వాయువు క్రమంగా సమతాస్థితికి, అంటే పైకి ఇక ఏ మార్పూ కనపడని స్థితికి, చేరి తీరుతుందనీ, వెనక్కి రాదనీ 1872లో ఒక సమీకరణం రాశాడు.

దానికి దెబ్బ కొట్టింది శత్రువు కాదు, స్నేహితుడే. ఆయన పేరు యోసెఫ్ లోష్మిట్. గాలి అణువు ఎంత ఉంటుందో 1865లోనే మొట్టమొదట లెక్కగట్టిన పెద్దమనిషి. 1876లో ఆయన అడిగింది ఇది: వాయువులోని అణువులన్నిటి వేగాలనూ ఒక్క క్షణంలో వెనక్కి తిప్పేశామనుకుందాం. అవన్నీ వచ్చిన దారినే పోయి మొదటి స్థితికి చేరాలి కదా? సూత్రాలు అందుకు ఒప్పుకుంటున్నాయి కదా? మరి వెనక్కి రాదని ఎలా అంటావు? దీనికి బోల్ట్జ్‌మన్ 'సరే, తిప్పి చూపించండి' అన్నాడని భౌతికశాస్త్రం వాళ్లు కథగా చెప్పుకుంటారు. అసలు జవాబు ఆ మరుసటి ఏడాది వచ్చింది. అది ఉత్త లెక్కింపు.

ఒక డబ్బాలో పది అణువులున్నాయనుకో. పదీ ఎడమ సగంలోనే ఉండే అవకాశం 1,024లో ఒకటి. కాస్త ఓపిక పడితే చూడొచ్చు. వంద అణువులైతే? ఆ అవకాశం 1 పక్కన 30 సున్నాలు పెట్టినన్నింటిలో ఒకటి కన్నా తక్కువ. ఇక కాఫీ గ్లాసు సంగతి చెప్పాలా? అంటే వెనక్కి రావడం నిషిద్ధమేమీ కాదు. వెనక్కి వచ్చే దారులు బహు కొద్ది, కలిసిపోయే దారులు లెక్కకు అందనన్ని. ఆ దారుల లెక్కకే ఎంట్రోపీ అని పేరు. వియన్నాలో బోల్ట్జ్‌మన్ సమాధి మీద చెక్కిన సూత్రం అదే. ఆ రూపంలో దాన్ని రాసింది మాక్స్ ప్లాంక్. 1906 సెప్టెంబర్‌లో ట్రియెస్ట్ దగ్గర డువీనోలో బోల్ట్జ్‌మన్ తన ప్రాణం తానే తీసుకున్నాడు. ఆ తర్వాత రెండు మూడేళ్లలోనే పారిస్‌లో జా పెరాఁ చేసిన ప్రయోగాలతో అణువుల మీద సందేహం తీరిపోయింది. ఈ మాట చెప్పేటప్పుడల్లా నా మనసు బరువెక్కుతుంది. ఇంకొన్నాళ్లు ఆగి ఉంటే ఎంత బాగుండేది!

ఆయన జవాబు సరైనదే. అయినా అందులో ఒక ముల్లు మిగిలిపోయింది. దారుల్ని లెక్కపెట్టడం దేనికి? అణువులు నిజంగా ఏ దారిలో ఉన్నాయో మనకు తెలియదు గనక. అంటే ఎంట్రోపీ మన తెలియనితనానికి కొలత అన్నమాట. మరి కాఫీ చల్లారేది మన అజ్ఞానం వల్లా? నేను చూసినా చూడకపోయినా, నాకు భౌతికశాస్త్రం వచ్చినా రాకపోయినా అది చల్లారుతూనే ఉంది కదా! ఈ ముల్లు వందేళ్లకు పైగా గుచ్చుకుంటూనే ఉంది. సరదా ప్రశ్న అని దీన్ని తీసిపారేసేవాళ్లంటే నాకు గిట్టదు. ఉష్ణశాస్త్రం పునాదే దీని మీద ఉంది.

లోష్మిట్ అడిగిన తిప్పడం ఒకచోట నిజంగానే జరిగిందని కూడా చెప్పాలి. 1950లో అమెరికాలో ఎర్విన్ హాన్ అనే కుర్రవాడు, అయస్కాంత క్షేత్రంలో హైడ్రోజన్ కేంద్రకాలను రేడియో తరంగంతో ఒకసారి తట్టాడు. అవన్నీ కలిసి తిరగడం మొదలెట్టి, క్షేత్రంలో చిన్నచిన్న తేడాల వల్ల ఒకటి ముందూ ఒకటి వెనకా అయిపోయి, సంకేతం చచ్చిపోయింది. కాసేపాగి మరోసారి తట్టాడు. ఎంతసేపు ఆగాడో సరిగ్గా అంతసేపటికి చచ్చిన సంకేతం లేచి వచ్చింది. చెదిరిపోయిందనుకున్న క్రమం ఎక్కడికీ పోలేదు, లోపలే ఉంది. మన ఊళ్లలో ఎమ్మారై తీసే గదుల్లో ఈ స్పిన్ ఎకో రోజూ పనిచేస్తూనే ఉంటుంది. చుట్టుపక్కల అణువుల అల్లరి వల్ల నిజంగా పోయిన భాగం మాత్రం ఎకోలో తిరిగి రాదు. ఆ పోయే వేగం కండకూ కొవ్వుకూ నీటికీ వేరువేరుగా ఉంటుంది గనకనే డాక్టర్లకు బొమ్మలో తేడా కనపడుతుంది.

మరి క్రమం ఎక్కడ దాక్కుంటుంది? ఇక్కడ క్వాంటమ్ శాస్త్రం కావాలి. 1935లో ష్రోడింగర్ ఒక విషయం ఎత్తిచూపాడు. రెండు కణాలు ఒకదానితో ఒకటి వ్యవహరించి విడిపోయాక, ఆ జంట గురించి తెలుసుకోగలిగినదంతా మనకు తెలిసి ఉండొచ్చు. అయినా అందులో ఒక్క కణాన్ని విడిగా తీసుకుంటే, దాని గురించి ఏమీ చెప్పలేని స్థితి రావచ్చు. దీన్నే ఎంటాంగిల్‌మెంట్ అంటారు. మీ అమ్మమ్మ సంక్రాంతికి వేసే మెలికల ముగ్గు గుర్తుందా? చుక్కల చుట్టూ తిరిగే గీత ఒక్కటే, ఎక్కడా తెగదు. రెండు చుక్కలు మాత్రం కనపడేలా మిగతాదంతా మూసేస్తే, ఆ గీత ఎటు పోయి ఎటు వస్తుందో చెప్పలేవు. ముగ్గు అంతటిలోనూ ఉంది, ముక్కలో లేదు. కానీ ఈ పోలిక ఇంతవరకే పనికొస్తుంది. ముగ్గు ముక్కకు తన ఆకారమంటూ ఒకటుంటుంది. క్వాంటమ్ ముక్కకు అదీ లేదు.

ఉండే ఉంటుంది, మనకు కనపడటం లేదేమో అని నువ్వనొచ్చు. ఐన్‌స్టయిన్‌కూ అదే ఆశ. లోపల దాగిన విలువలు ఉండి, ఒక కణం ప్రభావం రెండోదానికి కాంతికన్నా వేగంగా పోదనుకుంటే, కొలతల ఫలితాలు ఒక హద్దు దాటకూడదని 1964లో జాన్ బెల్ నిరూపించాడు. ప్రయోగాల్లో ఫలితాలు ఆ హద్దు దాటాయి. క్లౌజర్, ఆస్పె, సైలింగర్‌లకు 2022లో నోబెల్ వచ్చింది అందుకే.

ఇప్పుడు ముల్లు దగ్గరకు రా. ఒక వ్యవస్థ మొత్తం స్థితి అణుమాత్రం సందేహం లేకుండా తెలుసనుకో. మొత్తానికి ఎంట్రోపీ సున్నా. ఇలాంటిదాన్ని శుద్ధ స్థితి అంటారు. అయినా దాని చిన్న భాగానికి ఎంట్రోపీ నిండుగా ఉండొచ్చు! ఇది మన అజ్ఞానం కాదు. ఆ భాగం మిగతా అన్నిటితో ముడిపడి ఉండటం వల్ల వచ్చిన వాస్తవం. 2006లో బ్రిస్టల్‌లో పోపెస్కు, షార్ట్, వింటర్ ఒక చోటా, గోల్డ్‌స్టీన్, లెబోవిట్స్, టుమూల్కా, జాంగీ మరో చోటా దీన్ని లెక్కకట్టి చూపించారు. ఒకే శక్తి ఉన్న పెద్ద వ్యవస్థకు సాధ్యమైన స్థితుల్లో ఏది తీసుకున్నా సరే, దాదాపు ప్రతిదానిలోనూ చిన్న భాగం అచ్చం ఒక ఉష్ణోగ్రత దగ్గర సమతాస్థితిలో ఉన్నట్టే కనపడుతుంది. అజ్ఞానం ప్రసక్తే అక్కర్లేదు.

ఈ దారికి తొలి అడుగు 1929లోనే పడింది. వేసినవాడు ఇరవై అయిదేళ్ల జాన్ వాన్ నాయ్‌మన్. 1950లలో విమర్శకులు ఆ వ్యాసాన్ని తప్పుగా అర్థం చేసుకుని పక్కన పడేశారు. 2010లో టుమూల్కా దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చాడు, లెబోవిట్స్ బృందం వ్యాఖ్య రాసి దాని విలువ నిలబెట్టింది. ఆ జోయెల్ లెబోవిట్స్ గురించి ఒక్క మాట చెప్పనీ. 1930లో పుట్టాడు. పద్నాలుగేళ్ల వయసులో నాజీలు ఆష్‌విట్జ్‌కు తోలుకుపోయారు. కుటుంబాన్ని అక్కడ పోగొట్టుకుని తాను బతికి బయటపడి, అమెరికా చేరి, ఏడాదికి రెండుసార్లు ప్రపంచంలోని స్టాటిస్టికల్ మెకానిక్స్ వాళ్లందరినీ ఒకచోట కూర్చోబెట్టే సభలను దశాబ్దాలపాటు నడిపాడు. 2008లో నూరో సభ జరిగింది. అంత చీకటి చూసినవాడు ఇంత ఓపికగా వెలుగు వెతకడం నాకు గొప్పగా తోస్తుంది.

లెక్క సరే, కళ్లతో చూశారా అంటే, చూశారు. 2016లో హార్వర్డ్‌లో మార్కస్ గ్రైనర్ ప్రయోగశాల, లేజర్ కాంతితో చేసిన గుంటల వరుసలో ఆరు రుబీడియం పరమాణువులను ఒక్కొక్కటిగా నిలిపింది. అలాంటి వరుసే అచ్చంగా ఇంకొకటి పక్కన పెట్టింది. పరమాణువులను వదిలిపెట్టి, కొన్ని మిల్లీసెకన్లు తిరగనిచ్చి, రెండు వరుసలనూ కలిపేసింది. రెండూ ఒకే శుద్ధ స్థితిలో ఉంటే, కలిపాక ఏ వరుసలో లెక్కపెట్టినా పరమాణువుల సంఖ్య సరిసంఖ్యే రావాలి. ఎందుకంటావా? అక్కడే మన సత్యేంద్రనాథ్ బోస్ కూర్చుని ఉన్నాడు. 1924లో ఢాకాలో పాఠాలు చెప్పుకుంటూ, కాంతి కణాలకు ఇది, అది అనే తేడా లేదనే లెక్కతో, వేడి వస్తువు వెదజల్లే కాంతికి ప్లాంక్ ఇచ్చిన సూత్రాన్ని రాబట్టి ఐన్‌స్టయిన్‌కు పంపాడు. ఆయనే దాన్ని జర్మన్‌లోకి మార్చి అచ్చు వేయించాడు. రెండు గళ్లలో రెండు కణాలను పెట్టే తీరులు పాత లెక్కలో నాలుగు, బోస్ లెక్కలో మూడే. ఆ రుబీడియం పరమాణువులు ఈ బోస్ జాతివే. తేడా లేనితనమే వాటిని జతలుగా నడిపిస్తుంది.

హార్వర్డ్‌లో ఏం కనపడింది? మొత్తం వరుసను లెక్కపెడితే శుద్ధత దాదాపు చెక్కుచెదరలేదు. ఏమీ మరిచిపోలేదు. ఒక గుంటనో రెండు గుంటలనో విడిగా చూస్తే, అవి వేడి వస్తువు ముక్కలే! ఎంట్రోపీ సమతాస్థితికి తగ్గట్టు పెరిగిపోయింది. బయటినుంచి వేడి రాలేదు, చూసేవాడి తెలియనితనం అడ్డు రాలేదు. ఆరు పరమాణువులు ఒకదానికొకటి పొయ్యి అయ్యాయి. బోల్ట్జ్‌మన్‌కు ఈ ఫలితం చూపించగలిగితే ఆయన ఏమనేవాడో అని ఎన్నిసార్లు అనుకున్నానో!

అయితే లోకంలో అన్నిటి ముక్కలూ ఇలా తమ మొదటి అమరికను మరిచి సమతాస్థితికి చేరవు తల్లీ. 2006లోనే పెన్సిల్వేనియాలో డేవిడ్ వైస్ బృందం, సన్నని కాంతి గొట్టాల్లో ఒక్కోదానిలో 40 నుంచి 250 వరకూ రుబీడియం పరమాణువులను ఎదురెదురుగా తోలింది. వేల సార్లు గుద్దుకున్నా అవి సమతాస్థితికి రాలేదు. ఒకే గీతమీద నడిచే కణాలకు మారకుండా నిలిచే రాశులు మరీ ఎక్కువ. అవి వ్యవస్థను మరవనివ్వవు. 2017లో 51 పరమాణువుల వరుసలో మరో వింత బయటపడింది. ఒక ప్రత్యేకమైన అమరికతో మొదలుపెడితే, అది సమతాస్థితికి జారిపోకుండా చాలాసేపు మొదటికే వచ్చి వచ్చి పోయింది.

అప్పుడు సహజంగా వచ్చే ప్రశ్న: ఫలానా వ్యవస్థ మరుస్తుందా, మరవదా అని ముందే తేల్చే సూత్రం ఏదైనా ఉందా? దీనికి జపాన్‌లో షిరైషి, మత్సుమోటో 2021లో ఇచ్చిన జవాబు చూసి నేను లేచి నిలబడ్డాను. అన్ని వ్యవస్థలకూ పనికొచ్చే అలాంటి పద్ధతి ఉండనే ఉండదని వాళ్లు గణితంతో నిరూపించారు. పక్క కణంతో మాత్రమే మాట్లాడే ఒకే వరుస కణాల్లోకి ఒక కంప్యూటర్ ప్రోగ్రామ్‌నే ఎక్కించవచ్చునట. ఆ ప్రోగ్రామ్ ఎప్పటికైనా ఆగితే వ్యవస్థ ఒక రకంగా స్థిరపడుతుంది, ఆగకపోతే మరో రకంగా. ఏ ప్రోగ్రామ్ ఆగుతుందో ఏది ఆగదో తేల్చే పద్ధతి లేదని 1936లోనే అలన్ ట్యూరింగ్ చూపించి ఉన్నాడు. కాబట్టి ఇక్కడా లేదు. ఇకమీదట ఈ రంగంలోకి వచ్చేవాళ్లు ఒక్కో వ్యవస్థనూ దాని ముఖం చూసి విడిగా పరిశీలించుకోవాల్సిందే.